ఒక్క తన్నుతో పోయిన తలుపు

చెల్లాయికి,

నీ నవల మీద తీసిన సినిమా చూశాను. అమ్మ వీధి వీధినంతా వెంటేసుకొచ్చింది.

నీ నవలలో మిల్లు యజమాని బయట తాళం వేస్తే, లోపలి ఆడవాళ్లు సంఘం కట్టి, అందరూ కలిసి తలుపు బద్దలు కొడతారు. సినిమాలో హీరో వచ్చి ఒక్క తన్ను తన్నాడు. ఆడవాళ్లు వెనక నిలబడి చప్పట్లు కొట్టారు. సంఘం ఊసే లేదు. పైగా చివర్లో యజమాని కూతురితో వాడికి పెళ్లి! నాకు కడుపు మండిపోయింది. నీ నవల కోసమే సుమా.

"పుస్తకం ప్రాణం తీశారే అమ్మా" అన్నాను. "తీస్తే తీశారు, జనం చూస్తున్నారుగా. నీ నవలని చంపడానికైనా ఎవరూ రాలేదేం?" అంది.

నీ పుస్తకం మళ్లీ అచ్చేశారట, అట్ట మీద ఆ హీరో బొమ్మతో. ఛీ, నేనైతే చచ్చినా ఒప్పుకోను. నా నవల ఒక్క అక్షరం చెడకుండా మంచం కింద భద్రంగా ఉంది, కట్టలు కట్టలుగా.

అన్నట్టు, ఆ డైరెక్టరు మళ్లీ కలిస్తే నా పేరు చెప్పు. నా కథలో సమ్మె ఉంది, అడ్డమనిపిస్తే తీసేసుకోమను. తలుపు కూడా ఉంది. తన్నడానికి బాగుంటుంది.

నీ మేలు కోరే
అక్క