బుడంకాయ తూకం

అమ్మాయ్,

బుడంకాయకి కిడ్నీ మందు నేనే వేసేశాను. రెండు చుక్కలూ లోపలికే వెళ్ళాయి. నువ్వు మళ్ళీ వెయ్యకు. నీళ్ళ సీసా మీద పెన్నుతో గీత పెట్టాను. సాయంత్రం దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళేముందు ఎంత తాగిందో చూసుకో. బోనులో తడిసిన రంపప్పొట్టు తీసేసి కొత్తది పరిచాను.

"మామయ్యగారికి చేతనవుతుందో లేదో" అని ఫోన్లో మీ అక్కతో అన్నావు. విన్నానులే. నలభై ఏళ్ళు ఉంగరాల్లో ఆవగింజంత రాళ్ళు పొదిగినవాణ్ణి, హామ్‌స్టర్ నోట్లో రెండు చుక్కలు వెయ్యలేనా?

వంటింటి కాటా దీనికి పనికిరాదు, ఐదు గ్రాములు అటూ ఇటూ చూపిస్తుంది. అందుకే కొట్లోంచి బంగారం తూచే కాటా తెచ్చాను. పోయినవారం ఆసుపత్రిలో తూస్తే నూటపన్నెండు గ్రాములు. ఇవాళ నూటపదిహేనున్నర! మూడుసార్లు తూచాను. ఇక చిక్కిపోవడమే అన్న డాక్టరమ్మకి ఈ అంకె చూపించు. బంగారమైనా ఒక్కసారే తూచేవాణ్ణి.

కాటా కదపకు, రేపు నేనే పట్టుకెళ్తాను.

మామయ్య

ఇంకోటి. మొదట్లో దాన్ని ఎలుక అన్నది నేనే, ఒప్పుకుంటాను. ఆసుపత్రిలో పేరు అడిగితే మాత్రం ఉత్త బుడంకాయ అని రాయించకు. మన ఇంటిపేరు కూడా చెప్పు.