సింధూరం పూసిన రాయి

శనివారం, చంద్రపూర్. పడుకున్నా నిద్ర రావడం లేదు.

రాజురా రోడ్డులో కాలనీ కోసం నేల చదును చేస్తుంటే పాతకాలపువేవైనా బయటపడతాయేమో చూడడానికే నన్ను పెట్టుకున్నారు. నిన్న అక్కడున్న ఒక నిలువురాయి మొదట్లో కుండపెంకులు, ఒక ఎముక కనబడ్డాయి. కింద సమాధి ఉంది, పని ఆపమన్నాను. సైట్ మేనేజర్ నర్సింగరావు నవ్వాడు.

"మేడం, గిట్ల రాయి రాయికి ఆగితే ఇండ్లు ఎప్పుడు కడ్తం?"

పొద్దున వెళ్లేసరికి ఎవరో రాయికి సింధూరం పూసి దండ వేశారు. జేసీబీ డ్రైవర్ శంకర్ బండి దిగిపోయాడు. "దేవుడున్న జాగల బకెట్ పెట్టను సాబ్."

నా మాటకు ఆగని బండి సింధూరానికి ఆగింది. పైగా నేను సంతోషించాను కూడా, ఛీ.

మధ్యాహ్నానికి నర్సింగరావు దారి కనిపెట్టాడు. రాయిని క్రేన్‌తో భక్తిగా లేపించి గేటు దగ్గర నిలబెట్టించాడు. అక్కడ గుడి కడతాడట. రాయి లేచిన గుంతలో ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఫొటోలు తీసుకోనివ్వమన్నాను. శంకర్ గేటు వైపు తిరిగి ఒక దండం పెట్టి, గుంతలోకి బకెట్ దించాడు. ఇప్పుడక్కడ దేవుడు లేడుగా.

నర్సింగరావు నా చేతిలో కొబ్బరికాయ పెట్టాడు. "దేవుణ్ణి చూపిచ్చింది మీరే మేడం. మొదటి కాయ మీరే కొట్టాలె."

అందరూ నన్నే చూస్తున్నారు. కొట్టాను. ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది.

శుభం అన్నారు.