లిఖిత ఉంగరాల జుట్టు, అమ్మ మొక్కు

ఆత్మకూరు, బుధవారం.

అమ్మా, లిఖిత నా దగ్గర క్షేమంగా ఉంది, అన్నయ్యకూ చెప్పాను. “డాక్టరమ్మవైతే నీ ఆస్పత్రిలో చూపించుకో, నా మొక్కు జోలికి రాబాక” అని నువ్వు ఫోన్ పెట్టేశావు కాబట్టి ఈ కార్డు. దారిలో పోస్ట్‌మ్యాన్ చదువుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నిన్న నీ మనవరాలు తలకు చున్నీ బిగించుకుని, ఉదయగిరి బస్సులో ఒంటరిగా వచ్చి దిగింది. “అత్తా, పెంచలకోనలో గుండు కొట్టిస్తే ఈసారి జుట్టు సాపుగా వస్తాదని అవ్వ మొక్కుకున్నాదంట. తల నాది గదా, నన్నెవురన్నా అడిగినారా?” అని ఏడ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల చేత ఆ మాట అనిపించినందుకు నాకు ఒళ్ళు మండిపోతోంది.

పన్నెండేళ్ళుగా చర్మానికీ జుట్టుకూ వైద్యం చేస్తున్నదాన్ని చెబుతున్నాను. జుట్టు ఉంగరాలు తిరిగే ఆ వంపు చర్మం లోపల, కుదుళ్ళలోనే ఏర్పడుతుంది. కత్తి అక్కడిదాకా పోదు. ఎన్నిసార్లు గొరిగించినా అదే జుట్టు వస్తుంది. పొడి తలను సన్నపళ్ళ దువ్వెనతో నువ్వు లాగడం వల్లే అది రేగి చిక్కుపడుతోంది. ఈ ఉదయం తడి జుట్టుకు కండిషనర్ రాసి, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి పైకి దువ్వాను. ఒక్కసారి కూడా ‘అబ్బా’ అనలేదు.

దాని లెక్కల పుస్తకం, యూనిఫాం అన్నయ్యతో పంపించు. నీ బీపీ మాత్రలు ఉన్నాయా, అయిపోయాయా?

మొక్కు ఎగ్గొట్టమని నేను అనను. శనివారం నీతో కోనకు నేనే వస్తాను. నా జుట్టు నడుము దాకా ఉంది. స్వామికి అది ఇస్తాను. సోమవారం నుంచి గుండుతోనే రోగులను చూస్తాను. ఎందుకని ఎవరు అడిగినా, మా అమ్మ మొక్కు అని నీ పేరు చెబుతాను.

నాయనకు నమస్కారాలు.

నీ కూతురు,
అనుపమ