మెతుకులతో అతికిన బొమ్మ

ఇలోయిలో పట్టణం, ఆదివారం

అమ్మా,

దేవుడి దయవల్ల నీ ఎర్లిండా ఈసారి మంత్రసాని పరీక్ష ప్యాసైంది! ఏడవకుండా మిగతాది చదువు.

పాస్టరమ్మగారు మా అందరిచేతా, ఎవరేం కావాలనుకుంటే ఆ బొమ్మ అతికించుకునే విజన్ బోర్డులు చేయించారని చెప్పాను కదా. నేను అట్ట మీద పసిబిడ్డనెత్తుకున్న మంత్రసాని బొమ్మ అతికించి, మంచం పక్కన తగిలించి, రోజూ దాని ముందే ప్రార్థన చేసుకునేదాన్ని. నా గదిలో ఉండే ప్యూరిటా, అదే ఎండుచేపలమ్మే పిల్ల, "దేవుడికి చెవుడా ఏంటే, బొమ్మలు చూపిస్తున్నావు?" అని ఒకటే ఎగతాళి.

కిందటేడు పరీక్ష తప్పాక ఆ బొమ్మ పీకి చింపేశాను. ప్రార్థనా మానేశాను. ఒకరోజు గదికొచ్చేసరికి ప్యూరిటా మోకాళ్ల మీద ఉంది. చింపిన ముక్కల్ని అన్నం మెతుకులతో మళ్ళీ అట్టకి అతికించి, "ప్రభువా, ఇది నీ మీద అలిగింది. మళ్ళీ మాట్లాడేదాకా దీని తరఫున నేనే అడుగుతుంటాను, విను" అంటోంది. దాని చేతులు ఇంకా చేపల వాసనే. నేనూ పక్కన కూలబడి ఏడ్చేశాను. ఆ సాయంత్రమే పుస్తకాలు తీశాను.

నాన్న దగ్గు తగ్గిందా? చేపల వేటకి వెళ్ళనివ్వకు. పంది ఈనిందా? మంత్రసానిగా ప్రమాణం చేసే రోజుకి నా తెల్లగౌను ఉతికి ఉంచు. ప్యూరిటాకి మన మామిడిపళ్ళు ఒక బుట్ట కట్టించు.

శనివారం పడవకి వస్తున్నాను. వదినకి నెలలు నిండాయిగా, అత్త వచ్చేదాకా కాస్త ఓపిక పట్టమని కడుపులో ఉన్న మేనల్లుడికి చెప్పు. వాణ్ణి మొదట అందుకునే చేతులు నావే కావాలి.

దీవెన కోసం నీ చెయ్యి నా నుదుటికి ఆనించుకుంటూ,
ఎర్లిండా