కొలవని మొక్క

నా శ్రీమతికి,

నీ దర్జీ రాయునది. ఇక్కడ నేనూ, చిన్నదీ, రెండు కుట్టుమిషన్లూ క్షేమం. ఆ కొండ మీది ఆస్పత్రిలో నువ్వూ, నీ వార్డూ, నీ వార్డులోని పెద్దమనుషులూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉభయకుశలోపరి.

నీ ఉత్తరం సోమవారం అందింది. చిన్నది నా చేతికి ఇవ్వకుండానే చింపి, తనే చదివి వినిపించింది. 'నాన్న వేళకి తింటున్నారా' అన్న చోట ఆగి, నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "తింటున్నారనే రాయి నాన్నా, చొక్కా బొత్తాలే సాక్ష్యం" అంది. నీ మొదటి ప్రశ్నకి జవాబు అదే అనుకో. రెండోది పెరటి కుళాయి. వాషరు మార్చాను, ఇప్పుడు చుక్క కారడం లేదు. కానీ తిప్పాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మూడోది చిన్నదాని లెక్కల మార్కులు. వాటి సంగతి తనే విడిగా రాస్తానంది, దాన్నిబట్టి నువ్వే గ్రహించు.

నాలుగోది మొక్క, ఐదోది దగ్గు. ఆ రెండూ ఒకే ప్రశ్న అని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నీ వార్డు గోడ గురించి రాసిన పేరా చిన్నది రెండుసార్లు చదివింది. నేను ఉత్తరంలో రాసే మొక్క ఎత్తుని నువ్వు సుద్దముక్కతో గోడ మీద గీత గీసి రాస్తున్నావనీ, నీ దగ్గర వైద్యం పొందుతున్న క్వారీ వంటాయనా, రాళ్ళకి రంధ్రాలు వేసే ఆ పొడుగాటి మనిషీ "ఈసారి దర్జీగారి మొక్క ఎంతైందమ్మా" అని అడుగుతున్నారనీ, "ఇరవై ఏళ్ళు తాగినాయన మానగా లేనిది మేం మానలేమా" అని ఇద్దరూ సిగరెట్లు వదిలేశారనీ రాశావు. చిన్నది గర్వంతో ఉబ్బిపోయింది. నేను భోజనం మధ్యలో లేచి వెళ్ళి చేయి కడుక్కున్నాను. ఎందుకో ఈ ఉత్తరం చివరికి వచ్చేసరికి చెప్తాను. అందాకా మొక్క గురించి తనివితీరా రాయనీ.

నువ్వు బస్సెక్కిన రోజు గుర్తుందిగా. నా జేబులోంచి సిగరెట్ పెట్టె తీసేసి, అదే జేబులో ఒక కాగితం పొట్లం పెట్టావు. "మీ చేతులు ఊరికే ఉండలేవు. పొగాకే కావాలంటే ఇదిగో, ప్రాణమున్న పొగాకు. అడవి పొగాకు. పెంచండి, తాగకండి. నేనొచ్చేసరికి పూలు చూపించండి" అన్నావు. ఊపిరితిత్తుల వార్డులో పనిచేసే నర్సు మొగుడి చేతిలో పొగాకు గింజలు పెట్టి వెళ్ళిందంటే పక్క షాపు గడియారాలాయన అరగంట నవ్వాడు. నిజం చెప్పాలంటే నేనూ మా ఆవిడకి మతిపోయిందనే అనుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

పొట్లం విప్పితే గింజలు కనబడలేదు. కాగితం మడతలో నస్యం పొడి లాంటిదేదో ఉంది. దాన్ని కుండీలో వేసి, పైన అంగుళం మట్టి కప్పి, అంచు మడిచి కుట్టినంత శుభ్రంగా తట్టాను. మూడు వారాలు చూశాను, ఏమీ రాలేదు. వెలుతురు తగలకపోతే అవి లేవవని నువ్వు రాశాక, మిగిలిన పొడిని ఊపిరి బిగబట్టి పైపైన చల్లి వదిలేశాను. పదకొండో రోజున తడిమట్టి మీద పచ్చటి చుక్కలు కనిపించాయి. సూదిలో దారం ఎక్కించడానికి పెట్టుకునే కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే గానీ అవి ఆకులని తెలియలేదు. ఆ పూట షాపు ఆలస్యంగా తెరిచాను.

ఎదిగాక మూడింటిని నేలలో నాటాను. రెండు వంటింటి గుమ్మం పక్కన, ఒకటి నీళ్ళ ట్యాంకు వెనకాల. కుండీలో ఉన్నంతకాలం పీనుగులా పడి ఉన్నవి నేల తగలగానే చెలరేగిపోయాయి. ఆకులు నేలకి అతుక్కుని గుండ్రంగా పరుచుకున్నాయి. ఒక్కో ఆకు నా మోచేయి నుంచి వేళ్ళ కొసల దాకా ఉంది. ఒక్క ఆకులో పసిపిల్ల చొక్కా తీయొచ్చు, అతుకు లేకుండా. ముట్టుకుంటే వేళ్ళకి జిగురంటుతుంది. ఆకుల నిండా సన్నటి నూగు, ఆ నూగుకి జిగురు, ఆ జిగురుకి అంటుకుని చచ్చిన చిన్న చిన్న దోమలు. తన కాపలా తనే కాసుకునే మొక్కని చూడటం నాకిదే మొదలు. వాసన చూద్దామని మొహం దగ్గర పెట్టుకున్న చిన్నది, "అమ్మో, దీనికి మన సాయం అక్కర్లేదు నాన్నా" అంది.

ఆ తర్వాత మధ్యలోంచి కాడ లేచింది. ఇవాళ చూసింది రేపు ఉండదు, అంత జోరు. రోజూ షాపు కట్టేసి వచ్చాక మెడలో టేపు తీసి కొలిచేవాణ్ణి. మనుషుల్ని కొలిస్తే కడుపు లోపలికి లాక్కుంటారు, ఊపిరి బిగబడతారు, నడుము చుట్టుకొలత తగ్గించి రాయమంటారు. ఇది నిటారుగా నిలబడి ఉన్నది ఉన్నట్టు కొలిపించుకునేది. నా జన్మలో అంత మంచి ఖాతాదారుడు తగల్లేదు.

ఇక పూలు. ట్యాంకు వెనక మొక్క పోయిన నెలలో పూసింది. బెత్తెడు పొడవున తెల్లటి గొట్టాలు, గుత్తిగా కిందికి వేలాడుతూ, ఒక్కోదాని కొసన అయిదు మూలల చుక్క. అంత సన్నటి గొట్టాన్ని ఎక్కడా కుట్టు కనబడకుండా చేసిన చెయ్యి ఎవరిదో గానీ, దండం పెట్టాలనిపిస్తుంది. పగలు తలలు వేలాడేసి, మనతో పని లేనట్టు ఉంటాయి. పొద్దు వాలగానే విచ్చుకుంటాయి. అప్పుడొస్తుంది వాసన. పెరట్లో నిలబడక్కర్లేదు, వంటింట్లో ఉన్నా తెలుస్తుంది. నా బొటనవేలంత చిమ్మటలు వస్తాయి, పువ్వు మీద వాలకుండా గాల్లోనే నిలబడి, దారంలాంటి నాలుక చాచి, గొట్టం అడుగు దాకా దింపి తాగుతాయి. చిన్నదీ నేనూ వంటింటి గడప మీద కూచుని మాటల్లేకుండా చూస్తాం. మన పిల్ల మాటల్లేకుండా పావుగంట కూచుందంటే ఆ మొక్క మహిమ ఏమిటో నువ్వే ఊహించుకో.

ఇదివరకు నేను సిగరెట్ వెలిగించే వేళ సరిగ్గా అదే. షాపు కట్టేసి వచ్చే వేళ. ఆ వేళకి ఆ పువ్వు విచ్చుకుంటుందని నీకు ముందే తెలుసు. తెలిసే ఇచ్చావు. ఇరవై ఏళ్ళు నాతో కాపురం చేసి, నాకు ఏ గంటలో ఏం కావాలో నాకంటే బాగా తెలుసుకున్నావు. ఆ సంగతి అర్థమైన రోజున నీ మీద గౌరవం ఎంత పెరిగిందో రాయడం నాకు చేతకాదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తాను.

బడులు తెరిచే ముందు యూనిఫారాల రద్దీలో నేను మళ్ళీ తాగాను. బొత్తాలు తెచ్చే మనిషి తన సిగరెట్ పెట్టె మరిచిపోయి వెళ్ళాడు. ఒక్కటేగా అనుకున్నాను. తొమ్మిది సాయంత్రాలు, షాపు వెనక, రోజుకొకటి. లవంగం నమిలి ఇంటికొచ్చేవాణ్ణి. రాగానే తిన్నగా మొక్కల దగ్గరికి వెళ్ళి, గుమ్మం పక్కనున్న వాటిలో మొదటిదాని ముదురాకులు గిల్లి, కాడ నిమిరి, రెండింటినీ టేపు పెట్టి కొలిచేవాణ్ణి. ఈ ఆకు విషం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోమని నువ్వు రాశావు. కడుక్కునేవాణ్ణి. ముట్టుకునే ముందు కడుక్కోవాలని నాకు తట్టలేదు.

రెండు వారాలకి ఆ మొదటిదాని లేతాకుల మీద పాలిపోయిన మచ్చలు, మధ్యమధ్య ముదురు పచ్చ మచ్చలు వచ్చాయి. బిగించి కుట్టిన గుడ్డలా ఆకు ముడుచుకుంది. కాడ పెరగడం ఆగిపోయింది. కొద్ది రోజులకి పక్కదానికీ అదే. ఒక ఆకు కవర్లో పెట్టుకుని పార్కులో తోటపని చేసే పెద్దావిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఆకు చూసి, ముట్టుకోకుండానే, "టైలరు గారూ, మీ ఇంట్లో సిగరెట్లు ఎవరు తాగుతారు?" అంది.

"ఇంట్లో ఎవరూ తాగరు పెద్దమ్మా" అన్నాను. అబద్ధం కాదు చూడు, తాగింది షాపులో.

ఆవిడ నా వేళ్ళకేసి చూసింది. "అయితే మొక్కే తాగుతోందేమో" అంది. తర్వాత జాలిపడి వివరంగా చెప్పింది. సిగరెట్లో ఉండేది ఎండిన పొగాకే కదా, దాంట్లో ఈ తెగులు చావకుండా దాక్కుని ఉంటుందట. తాగినవాడి వేళ్ళకంటుకుని, బతికున్న పొగాకు మీదికి ఎక్కుతుందట. మందు లేదు. పీకెయ్యడమే. "మరి రెండోదాన్ని మీరు గిల్లలేదంటున్నారు, దానికెలా వచ్చింది? రెండింటినీ ముట్టుకున్న వస్తువేదైనా ఉందా?" అని అడిగింది. నా చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్ళింది. టేపు అక్కడే ఉంది.

రెండింటినీ వేర్లతో సహా తీసి, గోనెసంచిలో మూటకట్టి చెత్తబండికి ఇచ్చాను. మోయలేనంత బరువేం లేదు, కానీ గేటు దాకా వెళ్ళడానికి రెండుసార్లు ఆగాను. పెళ్ళినాటి నుంచి నా మెడలో ఉన్న ఆ టేపుని ముక్కలు చేసి పారేశాను. ట్యాంకు వెనకది బతికిపోయింది. కారణం నా జాగ్రత్త కాదు, బద్ధకం. ఆ సందులో వంగితే నడుము పడుతుందని దాన్ని ఒక్కసారీ కొలవలేదు. ఇప్పుడు దానికి నీళ్ళు పోసే ముందు చేతులు సబ్బుతో కడిగి, పాలలో ముంచుతాను. తెగులుకి పాలు విరుగుడని పెద్దమ్మ చెప్పింది. నేను గిన్నెలో పాలు పోసుకుని పెరట్లోకి వెళ్తుంటే పక్కింటి పిల్లి నా వెనకాలే వస్తోంది.

ఆ తొమ్మిదో సాయంత్రం తర్వాత మళ్ళీ ముట్టలేదు. కానీ అసలు తప్పు తాగడం కాదు. మొదటి మొక్క ముప్పై మూడు అంగుళాల దగ్గర ఆగిపోయింది. పోయిన రెండు ఉత్తరాల్లో నేను రాసిన నలభై ఒకటీ, యాభైయ్యీ ఈ బల్ల ముందు కూచుని కల్పించినవి. అప్పటికి ఆ మొక్క లేదు. వాటిని నువ్వు గోడ మీద రాశావు. వాటిని చూసి ఇద్దరు మనుషులు, ఊపిరి అందని మనుషులు, పళ్ళు బిగించి కూచున్నారు. అబద్ధం నీకు మాత్రమే చెప్పాననుకున్నాను. ముఖం తెలియని వాళ్ళకి కూడా చెప్పానని నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది.

ఇవాళ పొద్దున చిన్నదానికి చెప్పాను. "నాకు తెలుసు నాన్నా. పళ్ళనొప్పి లేకుండా ఎవరైనా రోజూ లవంగాలు నములుతారా?" అంది. "మరి అమ్మకి రాయలేదేం?" అన్నాను. "నువ్వు రాస్తావని" అంది. ఆ పిల్లది అచ్చం నీ పోలిక.

దగ్గు తగ్గింది. మెట్లెక్కితే ఇంకా వస్తోంది. అది నిజం.

నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. దానితోపాటు నాకో పని చేసిపెట్టు. ఆ రెండు అంకెలూ చెరిపేసి, ఈ ఉత్తరం ఆ ఇద్దరికీ మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు. నా పరువు చూసుకుని ఏ ముక్కా దాటెయ్యకు. చదివాక వంటాయన్ని అడుగు, ఇదివరకు పని ముగించి చేతులు తుడుచుకునే సాయంత్రం వేళకి, చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్తే ఇప్పుడు ఆయన ఏం చేస్తాడో. ఆ పొడుగాయన్నీ అడుగు. ఇద్దరూ ఏం చెప్పారో ఉన్నదున్నట్టు రాయి. వాళ్ళు నన్ను చూసి మానారు. నాకు తెలిసినవాళ్ళలో మానినవాళ్ళు వాళ్ళిద్దరే.

ఇట్లు,
నీ మాట తప్పి, మళ్ళీ పట్టుకున్న
మీ ఆయన