డ్రైవరు వేషం ఎవరికి?

నవంబరు 10
అమెరికా నల్లవాళ్ళ పౌరహక్కుల పోరాటం చెప్పాను, ఎనిమిదో తరగతికి. బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనన్న ఆమె కథ దగ్గర ఒక్కరూ కదల్లేదు. సత్యవేడు బస్సులో సీటు కోసం రోజూ కొట్టుకునే పిల్లలు! హారికకైతే కోపంతో ముఖం ఎర్రబడింది — లెయ్యకపోతే జైల్లో పెడ్తారా మేడమ్, అంత అన్యాయమా… రాజ్యాంగ దినోత్సవానికి దీన్నే నాటకం వేయించాలి.

నవంబరు 12
నేను లేనప్పుడు హెడ్మాస్టరు వేషాలు పంచేశాడు. నల్లవాళ్ళంతా దళితవాడ పిల్లలు. తెల్లవాళ్ళంతా ఊరి పిల్లలు. ఇదేంటి సార్ అంటే —
"అట్లయితే సహజంగా ఉంటాది గదా మేడమ్."
సహజంగా! ఎంత మంచిగా చెప్పాడో. ఒళ్ళు మండిపోయింది. పిల్లల్లో ఒక్కరైనా ఎందుకని అడిగితే కదా. ఎవరు ఎటు నిలబడాలో వాళ్ళకు ముందే తెలుసు.

నవంబరు 13
మొత్తం తిరగేశాను. సీటు వదలని ఆమె — హారిక. స్కూలు కమిటీ ఛైర్మన్ కూతురు. లేవమని గద్దించే డ్రైవరు — దళితవాడ నుంచి వచ్చే కీర్తన. ఖంగుమనే గొంతు. కానీ రిహార్సల్లో హారికను చూస్తే నోరు పెగలదు. "లెయ్యండి" అంటుంది! ఒకే క్లాసు, ఒకే వయసు.

నవంబరు 17
ఇవాళ కీర్తన అరిచింది. "లెయ్ పైకి!" అందరూ ఉలిక్కిపడ్డారు. తర్వాత తనే కిసుక్కున నవ్వింది.

నవంబరు 19
హారిక నాయన వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.
"మా పాపను ఆ పిల్ల లెయ్ అంటాదా, ఊరందురూ సూస్తా ఉంటే? మీరు తిరపతి నించి వస్తారు, పోతారు. మేం ఈడ బతకాల."
నాటకమే కదన్నా అంటే వినడు. ఆయన పోయాక హెడ్మాస్టరు మెల్లిగా — కీర్తనను తీసేస్తే గొడవ వదిలిపోతుందట. హారికను తీసేద్దామని మాత్రం ఎవరి నోటా రాలేదు. సిగ్గులేని మనుషులు. తీయను పొమ్మన్నాను.

నవంబరు 24
కీర్తన తనే మానుకుంటానంది. వాళ్ళమ్మ హారిక వాళ్ళ చేలో కూలికి పోతుంది. "మా అమ్మను పనికి రావద్దంటారేమో మేడమ్." పదమూడేళ్ళ పిల్ల ఆలోచించాల్సిన సంగతేనా ఇది? పక్కనే హారిక. నువ్వు రా, మా నాయనతో నేను మాట్లాడతా అంది.

నవంబరు 26
వేశాం. ముందు వరుసలో హారిక నాయన. కీర్తన స్టేజీ ఎక్కింది… ఆయన్ను చూసింది… గొంతు రాలేదు. అట్లాగే నిలబడిపోయింది.
అప్పుడు ఆయనే లేచాడు.
"హారికా, లెయ్ పైకి! ఇంటికి పద."
డ్రైవరు మాట. ఆయనకు తట్టలేదు. మా పిల్లలందరికీ తెలుసు.
హారిక రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది.
"లెయ్యను నాయనా."

నవంబరు 27
హారిక బడికి రాలేదు. కీర్తన వచ్చింది. వాళ్ళమ్మను ఇవాళ పనికి పిలవలేదట. తృప్తేనా మేడమ్ అని హెడ్మాస్టరు ఎత్తిపొడుపు.
సాయంత్రం హారిక ఇంటికి వెళ్ళాను. తలుపు కొట్టాను. లోపల టీవీ ఆగింది. ఎవరూ తీయలేదు.
మళ్ళీ కొట్టాను.