తల వెంట్రుకలు అడిగిన ప్రార్థన గుంపు

సంఘపెద్ద చిసాలే గారికి ప్రభువు నామమున వందనాలు.

రెండేళ్లుగా మన వాట్సాప్ ప్రార్థన గుంపులో మీరంతా నా గొంతే విన్నారు, వాక్యానికి ఆమెన్ అన్నారు. మొన్న మీరు బలవంతపెడితే ఫొటో పెట్టాను. నేను ఒళ్లూ జుట్టూ తెల్లగా పుట్టిన ఆల్బినోనని తెలిసింది. అప్పటినుంచి వాక్యం అడిగినవారే లేరు. నిన్న మన గుంపులోని నాజేరే అనే ఆవిడ, "అయ్యగారూ, మీ జుట్టు కాస్త బస్సులో పంపరూ? మా ఆయన వలకి కడితే చంబో చేపలు తెగ పడతాయంట!" అంది. దాని కింద మీరు నవ్వు బొమ్మ పెట్టారు!

యెష్షయి ఇంట పైరూపం చూసి పొరబడిన ప్రవక్త సమూయేలును దేవుడు గద్దించాడు. మీరు గద్దించవలసిన చోట నవ్వారు. అదృష్టం తెస్తాయని ఆల్బినోల కాళ్లూ చేతులూ నరికి అమ్ముకునే మన దేశంలో, జుట్టు అడిగినవాళ్లు రేపు నా చెయ్యి అడగరా?

ఆదివారం గుంపులో ఈ పాపం మీదే ప్రసంగిస్తాను. ఈలోగా నా ఊరి పేరు మాత్రం ఎవరికీ చెప్పకండి.

మీ సహోదరుడు